చక్రానికీ గుమ్మానికీ మధ్య

మెల్‌బోర్న్‌కు పశ్చిమాన ఉన్న పాయింట్ కుక్‌లో రైల్వే స్టేషన్ లేదు. కారు వద్దనుకున్నవాళ్లు 2013లో తెరిచిన విలియమ్స్ లాండింగ్ స్టేషన్ దాకా బస్సులో వెళ్లి, అక్కడ రైలెక్కి, నగరంలో దిగాక ట్రామ్ పట్టుకోవాలి. నడిచేవాళ్లు ఇందులో ఆలోచించాల్సిందేమీ లేదు. వీల్‌చైర్‌లో వెళ్లేవాళ్లకు మాత్రం ఇది వరసగా గుమ్మాలు దాటడం: ఇంటి గడప, కాలిబాట అంచు, బస్సు తలుపు, రైలుకూ ప్లాట్‌ఫారానికీ మధ్య సందు, ట్రామ్ మెట్టు. నాలుగు దాటి అయిదోది దాటలేకపోతే ఆ ప్రయాణం జరగనట్టే.

స్మారకోపన్యాసాలకు సాధారణంగా పెద్ద విషయాలు ఎంచుకుంటారు. ఈ ఉపన్యాసం విషయం ఆ గుమ్మాల ఎత్తంతే. కొడుకు దగ్గరకో కూతురి దగ్గరకో ఆస్ట్రేలియా వచ్చి, మోకాళ్లో వెన్నో సహకరించక, వీసా గడువంతా హాల్లో సోఫా మీదే గడిపి తిరిగి వెళ్లిపోయిన అమ్మానాన్నల జ్ఞాపకానికి ఇది అంకితం. తక్కువ ఖర్చుతో చేసే పరికరాలు అలాంటివారి ప్రయాణాన్ని ఎంతవరకు తేలిక చేస్తాయి, ఎక్కడికి వచ్చి ఆగిపోతాయి అన్నది ఇందులో ప్రశ్న.

విలియమ్స్ లాండింగ్‌లో జరిగేదే మొదటి పాఠం. మెల్‌బోర్న్ లోకల్ రైళ్లలో వీల్‌చైర్ ప్రయాణికులు ప్లాట్‌ఫారం ముందు కొసన, మొదటి పెట్టె ఆగేచోట ఉండాలి. డ్రైవర్ తన క్యాబిన్‌లోంచి దిగి, తన దగ్గరున్న చిన్న ర్యాంపు పలకను తలుపు దగ్గర పరుస్తాడు. కుర్చీ లోపలికి వెళ్లాక పలక తీసి మళ్లీ తన చోట పెట్టుకుంటాడు. దిగేటప్పుడూ అంతే కాబట్టి ఎక్కడ దిగేదీ అతనికి ముందే చెప్పాలి. మోటారు లేదు, విద్యుత్తు లేదు, చెడిపోవడానికి అందులో పెద్దగా ఏమీ లేదు. నగరంలో తిరిగే చాలా బస్సుల్లోనూ డ్రైవర్ చేత్తో ఎత్తి బయటికి పరిచే పలకే ఉంటుంది. కోట్ల డాలర్ల రైలును ఒక మనిషికి పనికొచ్చేలా చేస్తున్నది మొత్తం బండిలో అతి చవకైన వస్తువు. అయితే ఎవరైనా దిగి వచ్చి దాన్ని పరిస్తేనే అది పనిచేస్తుందన్నదీ గుర్తుంచుకోవాలి. ఒంటరిగా, ఎవరినీ అడగకుండా రైలెక్కే స్వేచ్ఛ ఆ పలక ఇవ్వలేదు.

ఆస్ట్రేలియాలో 1992 నాటి వైకల్య వివక్ష నిషేధ చట్టం కింద 2002లో ప్రజా రవాణాకు ప్రమాణాలు వచ్చాయి. బండి ఎక్కే ర్యాంపు ఎంత వాలుగా ఉండవచ్చో అవి చెబుతాయి. ఎవరి సాయమూ లేకుండా ఎక్కాలంటే 1:14, అంటే ఒక అడుగు ఎత్తుకు 14 అడుగుల పొడవు. ర్యాంపు 1,520 మిల్లీమీటర్ల కంటే పొట్టిదైతే 1:8 దాకా సరే. వెనక నుంచి ఎవరైనా నెడుతుంటే 1:4. కాగితం మీద ఇవి పొడి అంకెలు. మనిషీ కుర్చీ కలిపి 100 కిలోలనుకుంటే, 1:14 వాలు మీద చేతులు మోయాల్సిన భారం సుమారు 7 కిలోలు. 1:8 మీద అది 12 దాటుతుంది. 1:4 మీద 24 కిలోలు. అరవై దాటిన భార్య డెబ్బై దాటిన భర్తను నెట్టుకుంటూ ఎక్కించాల్సిన భారం ఈ చివరిది. ఇంటి ముందు మెట్టు 15 సెంటీమీటర్లుంటే 1:8 వాలుకు 1.2 మీటర్ల పలక చాలు. 1:14 కావాలంటే రెండు మీటర్లు దాటాలి. చెక్క కోసే ముందు ఈ లెక్క వేయని ర్యాంపులు ఎన్నో ఇళ్ల ముందు కనిపిస్తాయి. పొట్టిగా, నిటారుగా, చూడటానికి బాగుంటాయి. కుర్చీ వాటి మీద వెనక్కి పల్టీ కొడుతుంది.

ట్రామ్ దగ్గర కథ మారుతుంది. ప్రపంచంలోనే అతి పెద్ద ట్రామ్ వ్యవస్థ మెల్‌బోర్న్‌ది. ఎత్తు పెంచిన స్టాపు ఉండాలి, అక్కడికి లోపలి నేల ఎత్తు తక్కువగా ఉన్న ట్రామ్ రావాలి. రెండూ కలిస్తేనే కుర్చీ లోపలికి దొర్లుతుంది. విక్టోరియా రాష్ట్ర ఆడిటర్ జనరల్ 2020 అక్టోబరులో ఇచ్చిన నివేదిక ప్రకారం 2018-19లో అలా రెండూ కలిసిన సర్వీసులు 15 శాతమే. మిగతాచోట్ల రోడ్డు మధ్య నుంచి నిలువు మెట్లు. అంత ఎత్తుకు జేబు ఖర్చుతో చేసుకునే పరికరమేదీ చాలదు, స్టాపునే కట్టాలి. ఇంట్లో తయారయ్యేదేదో, ప్రభుత్వం కట్టాల్సిందేదో విడదీసి చూడకపోతే చిన్న పరికరాల గురించిన ఉత్సాహం పాలకులకు సాకుగా మిగిలిపోతుంది.

పాయింట్ కుక్ తెలుగువారికి ఇది ఎందుకు దగ్గరి విషయమంటే, కారణం ఇక్కడి నిబంధనల్లోనే ఉంది. ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 2021 జనగణన నాటికే 50 వేలు దాటారు. పాయింట్ కుక్ ఉన్న విండమ్ ప్రాంతం వాళ్లు ఎక్కువగా స్థిరపడిన చోట్లలో ఒకటి. 2013లో మొదలైన జాతీయ వైకల్య బీమా పథకం, అందరూ ఎన్‌డీఐఎస్ అనేది, కుర్చీలకూ వాటి మరమ్మతులకూ ఇంటి మార్పులకూ డబ్బిస్తుంది. దాని ప్రధాన కార్యాలయం కూడా దూరం కాదు, పక్కనున్న జిలాంగ్‌లోనే. కానీ అందులో చేరడానికి పౌరసత్వమో శాశ్వత నివాసమో ఉండాలి, దరఖాస్తు నాటికి వయసు 65 లోపు ఉండాలి. సందర్శక వీసా మీద వచ్చిన 70 ఏళ్ల తల్లి ఈ రెండు తలుపులకూ బయటే. ఆమెకు కావలసింది ఆరు నెలలకో ఏడాదికో సరిపోయే, కొలతకు కుదిరే, కారు డిక్కీలో పట్టే కుర్చీ. వేల డాలర్ల కుర్చీ కొనడం ఆ కుటుంబానికి అర్థం లేని ఖర్చు. అందుకే మందుల షాపు నుంచో ఎవరింట్లోనో మూలనున్నదో తెచ్చిన ఆస్పత్రి కుర్చీతో సరిపెడతారు.

ఆ ఆస్పత్రి కుర్చీకి ఒక చరిత్ర ఉంది. 1918లో గని ప్రమాదంలో వెన్ను విరిగిన అమెరికన్ ఇంజనీరు హెర్బర్ట్ ఎవరెస్ట్, అతని మిత్రుడు హ్యారీ జెన్నింగ్స్ కలిసి 1930 దశకంలో ఇంటూ గుర్తు చట్రంతో మడిచే కుర్చీ చేశారు. కారులో వేసుకుని తిరగడానికి ఎవరెస్ట్ కోరుకున్నది అది. అంటే ఇవాళ ఆస్పత్రి వరండాల్లో కనిపించే ఆకారం పుట్టిందే ప్రయాణం కోసం. చక్రం కథ ఇంకా పాతది. సన్నని తీగలు బిగించి బరువు మోసే చక్రాన్ని జార్జ్ కేలీ 1808లో ఊహించాడు, తన ఎగిరే యంత్రాలకు తేలికైన చక్రం కావాలని.  విమానం కోసం ఊహించిన ఆ చక్రం సైకిల్‌కు వచ్చి, అక్కణ్నుంచి వీల్‌చైర్‌కు చేరింది. సైకిల్ రిపేరు చేసే ఏ షాపులోనైనా వీల్‌చైర్ వెనక చక్రం బాగుపడటానికి కారణం ఈ చుట్టరికమే.

ముందు చిన్న చక్రాల సంగతి వేరు. ఆస్పత్రి నున్నటి గచ్చు మీద అవి బాగానే తిరుగుతాయి. కాలిబాట పగులులోనో గులకరాళ్లలోనో పడితే టక్కున ఆగుతాయి. కూర్చున్న మనిషి ముందుకు పడతాడు. తక్కువ ఖర్చు కుర్చీల మీద గత నలభై ఏళ్లలో జరిగిన మంచి పనిలో సగం ఈ చిన్న చక్రం చుట్టూనే తిరిగిందంటే అతిశయోక్తి కాదు.

రాల్ఫ్ హాచ్‌కిస్ 1966లో మోటార్‌సైకిల్ ప్రమాదం తర్వాత కుర్చీకి పరిమితమైన అమెరికన్. 1980లో నికరాగువా వెళ్లినప్పుడు అక్కడ నలుగురు కుర్రాళ్లు ఒకే కుర్చీని పంచుకుని వాడటం, దాన్ని తామే బాగుచేసుకుంటూ మెరుగుపరచడం చూశాడు. అప్పటి నుంచి వివిధ దేశాల వర్క్‌షాపుల్లో కుర్చీ వాడేవాళ్ల దగ్గరే నేర్చుకుని, ఆ నేర్చినదాన్ని ఇంకో దేశానికి మోసుకెళ్లాడు. జింబాబ్వేలో రూపుదిద్దుకున్న వెడల్పాటి రబ్బరు ముందుచక్రం అలా ‘జింబాబ్వే చక్రం’ పేరుతో చాలా దేశాల కుర్చీల్లో చేరింది. అతను స్థాపించిన వర్ల్‌విండ్ సంస్థ డిజైన్లపై పేటెంట్ తీసుకోలేదు. ఊళ్లో దొరికే ఇనుప గొట్టం, సైకిల్ టైరు, అందుబాటులో ఉన్న బేరింగు: వీటితో అయ్యేదే గీశారు.

డేవిడ్ కాన్‌స్టాంటిన్ కథ ఆస్ట్రేలియాలోనే మొదలవుతుంది. 1982లో ఈ దేశానికి తిరగడానికి వచ్చిన 21 ఏళ్ల ఆ ఇంగ్లిష్ కుర్రాడు నీళ్లలోకి దూకి మెడ విరగ్గొట్టుకున్నాడు. తర్వాత లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో డిజైన్ చదువుతూ సైమన్ గూతో కలిసి పేద దేశాలకు పనికొచ్చే కుర్చీ గీశాడు. దానికి బహుమతి వచ్చింది. ఆ డబ్బుతో బంగ్లాదేశ్ వెళ్లారు. 1991లో ‘మోటివేషన్’ సంస్థ పుట్టింది. వాళ్ల ఎగుడుదిగుడు నేల కుర్చీకి ముందు రెండు చిన్న చక్రాలు ఉండవు. బాగా ముందుకు జరిపిన ఒక్క చక్రం ఉంటుంది. చక్రాల మధ్య దూరం పెరిగితే బరువు ముందుకు తూలదు. మూడు కాళ్ల మీద నిలిచింది కాబట్టి నేల ఎంత వంకరగా ఉన్నా మూడు చక్రాలూ నేలనే పట్టుకుంటాయి. తెలుగు పల్లెల మట్టి బాటలకు ఇది ఎంత సరిపోతుందో, పాయింట్ కుక్ తీర ప్రాంతపు పార్కుల్లోని కంకర దారులకూ అంతే సరిపోతుంది. కానీ ఇరుకు లిఫ్టులో తిరగదు, బస్సులో ఇచ్చే 800 బై 1,300 మిల్లీమీటర్ల చోటు దీనికి ఇబ్బందే. ఏ కుర్చీ కూడా అన్ని నేలల మీదా మంచిదవదు. అందుకే మామూలు కుర్చీకి అవసరమైనప్పుడు తగిలించి చిన్న చక్రాలను గాలిలోకి ఎత్తే విడి చక్రం అన్న ఆలోచన బాగా పనిచేసింది. అమెరికాలో పాట్ డోహర్టీ చేసిన ‘ఫ్రీవీల్’ అలాంటిది. పార్కుకు వెళ్లేటప్పుడు తగిలించు, రైలెక్కేటప్పుడు తీసి కుర్చీ వెనక వేలాడదీయి.

ధర గురించి మాట్లాడితే డాన్ షెండార్ఫర్ పేరు రావాల్సిందే. తోటల్లో వేసే తెల్ల ప్లాస్టిక్ కుర్చీకి సైకిల్ చక్రాలు బిగించిన ఆ అమెరికన్ ఇంజనీరు 2001లో మొదటి నాలుగు కుర్చీలను తెచ్చింది చెన్నై ప్రాంతానికే. అతని ‘ఫ్రీ వీల్‌చైర్ మిషన్’ ఆ తర్వాత పది లక్షలకు పైగా కుర్చీలు పంచింది. నేల మీద పాకుతున్న మనిషిని పైకి లేపిన పని అది, దాన్ని తక్కువ చేయకూడదు. అయినా ఒకే కొలత కుర్చీ అందరికీ ఇవ్వడం మీద వచ్చిన విమర్శ న్యాయమైనదే. వెన్నుపాము దెబ్బతిన్న చాలామందికి పిరుదుల దగ్గర స్పర్శ ఉండదు. సరైన మెత్త లేని సీటు మీద గంటల తరబడి కూర్చుంటే పుండు పడుతుంది, పడినట్టు తెలియదు, చీము పట్టి ప్రాణం మీదికి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో, మళ్లీ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు కుర్చీతో పాటు కొలతలు తీయడం, సరిచేయడం, వాడటం నేర్పడం, మళ్లీ వచ్చి చూడటం భాగం కావాలన్నాయి. ఫ్రీ వీల్‌చైర్ మిషన్ కూడా తర్వాత కొలతలు మార్చుకోగల రకాలకు మారింది. చవక అన్న మాటకు సరైన లెక్క ఇక్కడ దొరుకుతుంది: వంద డాలర్లు తక్కువ పెట్టి కొన్న కుర్చీ పుండు తెస్తే ఆస్పత్రి ఖర్చులో అది అన్నిటికంటే ఖరీదైన కుర్చీ.

మన దగ్గరి పనుల్లో ఇప్పుడు చెప్పుకోదగ్గది ఐఐటీ మద్రాసులో ప్రొఫెసర్ సుజాతా శ్రీనివాసన్ నడిపించిన టీటీకే పునరావాస పరికరాల కేంద్రం. కూర్చున్న మనిషిని నిలబెట్టే ‘అరైజ్’ కుర్చీ 2019లో దాదాపు 15 వేల రూపాయల ధరతో వచ్చింది. అక్కడి నుంచి పుట్టిన నియోమోషన్ సంస్థ 2021లో రెండు వస్తువులు తెచ్చింది. మనిషి కొలతలకు తగ్గట్టు సర్ది ఇచ్చే ‘నియోఫ్లై’ కుర్చీ అప్పటి ధర 39,900 రూపాయలు. దాని ముందు తగిలించే మోటారు భాగం ‘నియోబోల్ట్’ అప్పట్లో 55 వేలు. గంటకు 25 కిలోమీటర్ల దాకా వేగం. ఇంట్లో కుర్చీ, వీధిలో బండి. హైదరాబాద్, విజయవాడ మెకానిక్కులు పోలియో వచ్చినవారి స్కూటర్లకు ఏళ్లుగా పక్క చక్రాలు బిగించి ఇస్తున్నది కూడా ఇదే అవసరానికి. తేడా ఒక్కటే. స్కూటరు మీది నుంచి దిగాక నడవలేని మనిషిని ఎవరో ఎత్తి కుర్చీలో వేయాలి. ఇక్కడ కుర్చీ దిగే పనే లేదు. అయినా ఆ 55 వేలు తెలంగాణలో తాటిచెట్టు మీది నుంచి పడి నడుం పోయిన గీత కార్మికుడికి తక్కువ మొత్తం కాదు. అసలు పడకుండా ఉండేందుకు అక్కడి ప్రభుత్వం 2024లో ఇచ్చిన ‘కాటమయ్య రక్షణ కవచం’ తాళ్ల కిట్టును ఈ చవక పరికరాల వరసలోనే, బహుశా మొదట్లోనే, లెక్కించాలి.

ర్యాంపులకు తిరిగి వస్తే, టొరంటోలో ల్యూక్ ఆండర్సన్ చేసినది చూడాలి. సివిల్ ఇంజనీరు. 2002లో కొండ సైకిల్ తొక్కుతూ పడి వెన్ను విరిగింది. ఒక్క మెట్టున్న షాపుల్లోకి వెళ్లలేక 2011లో ‘స్టాప్‌గ్యాప్’ మొదలుపెట్టాడు. విరాళంగా వచ్చిన ప్లైవుడ్డు, వలంటీర్ల చేతులు, దూరం నుంచే కనిపించే గాఢమైన రంగులు. ర్యాంపు షాపు లోపల ఉంటుంది, అవసరమైనప్పుడు బయట పెడతారు. జర్మనీలోని హనావులో రీటా ఎబెల్ అనే పెద్దావిడ పిల్లలు ఆడేసిన లెగో ఇటుకలను అతికించి గుమ్మాలకు ర్యాంపులు చేసిపెట్టింది. తానూ వీల్‌చైర్ వాడే మనిషే. రంగు ఇందులో అలంకారం మాత్రమే అనుకోకూడదు. ఆ రంగు పలక బయట ఉన్నంతసేపూ దారిన పోయే ప్రతివాడికీ ఆ మెట్టు కనిపిస్తూనే ఉంటుంది.

ఆస్ట్రేలియాలో ఇలాంటి పని చేసే సంప్రదాయం ఉంది. 1975లో సిడ్నీలో ఇంజనీరు జార్జ్ విన్‌స్టన్ మొదలుపెట్టిన ‘టాడ్’లో రిటైరైన ఫిట్టర్లు, వడ్రంగులు, ఇంజనీర్లు వలంటీర్లుగా ఒక్కొక్క మనిషి కోసం ఒక్కొక్క వస్తువు చేసి ఇస్తూ వచ్చారు. షాపులో దొరకనిదే వాళ్లు చేస్తారు. విక్టోరియాలో 1998లో టోంగాలా అనే చిన్న ఊళ్లో ‘మెన్స్ షెడ్’ పేరుతో మొదలైన, మగవాళ్లు కలిసి చేతిపని చేసుకునే చోట్లు ఇప్పుడు దేశమంతటా వెయ్యి దాటాయి; రంపాలూ వైస్‌లూ డ్రిల్లులూ ఖాళీగా ఉండే సమయం అక్కడ చాలా ఉంటుంది.

పాయింట్ కుక్ తెలుగు కుటుంబాల్లో సాఫ్ట్‌వేర్ మనుషులు ఎక్కువ. వాళ్ల చేతుల్లో కొత్త యాప్ కంటే ఒక టేపూ నోటు పుస్తకమూ ఈ విషయంలో ఎక్కువ పనిచేస్తాయి. గుడి, కమ్యూనిటీ హాలు, ఉగాది జరిపే స్కూలు, తరచూ వెళ్లే హోటలు: ప్రతి గుమ్మం ఎత్తు, తలుపు వెడల్పు, మరుగుదొడ్డిలో కుర్చీ తిరిగే చోటు కొలిచి రాసుకుంటే ఏ ర్యాంపులు ఎన్ని కావాలో అదే చెబుతుంది. ఊరికి వెళ్లిపోయిన అమ్మానాన్నలు వదిలిన కుర్చీలు గరాజుల్లో దుమ్ము పట్టి ఉంటాయి. వాటిని ఒకచోట చేర్చి, టైర్లు మార్చి, బ్రేకులు బిగించి, సీటు వెడల్పును బట్టి వరసపెడితే కొత్తగా వచ్చిన పెద్దవారికి కొనాల్సిన పనే ఉండదు. వయసు మళ్లినవారికి కుర్చీ కొలత చూడటం ఆక్యుపేషనల్ థెరపిస్టు పని. వాళ్లను పిలవాలి, ఊహతో సరిపెట్టకూడదు. పండగ సభలో స్టేజీ ఎక్కడానికి మెట్లే ఉండి, సన్మానం చేస్తున్న పెద్దాయనను నలుగురు కుర్చీతో సహా ఎత్తడం గౌరవం అనిపించుకోదు. ఎత్తబడుతున్న మనిషి భయం ముఖంలో కనిపిస్తుంది.

విక్టోరియాలోని స్టావెల్‌లో పుట్టిన వైకల్య హక్కుల కార్యకర్త స్టెల్లా యంగ్ 2014లో సిడ్నీలో చేసిన ప్రసంగంలో, ఎంత చిరునవ్వు నవ్వినా మెట్లు ర్యాంపులుగా మారవని చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో, 32 ఏళ్లకే చనిపోయింది. ఆ మాట బలం భారత న్యాయస్థానంలోనూ వినిపించింది. రాజీవ్ రతూరీ కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలు సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరి కావాలని తీర్పిచ్చింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక తయారైంది హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రంలో. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక కూడా అమలు ఎక్కడ జారిపోతోందో అది చూపింది.

విమానం దగ్గర చట్టమూ పరికరమూ రెండూ కలవాలి. వైకల్య హక్కుల కార్యకర్త జావెద్ అబీదీ సుప్రీంకోర్టుకు వెళ్లి 1998లో తీర్పు సాధించే నాటికి, విమానం లోపలి ఇరుకు దారిలో పట్టే ఐల్ కుర్చీ, మనిషిని కుర్చీతో సహా పైకి లేపే అంబులిఫ్టు భారత విమానాశ్రయాల్లో అడిగి తెచ్చుకోవాల్సినవి. ఇప్పుడు మెల్‌బోర్న్ నుంచి హైదరాబాద్ వెళ్లేవాళ్లు మధ్యలో ఎక్కడో విమానం మారాలి. అక్కడ సొంత కుర్చీ చేతికి వస్తుందా, హైదరాబాద్‌లోనే వస్తుందా అన్నది టికెట్ కొన్నప్పుడే తేల్చుకోవాలి. మెత్త, కాళ్ల పలకలు విప్పి క్యాబిన్‌లోకి తీసుకెళ్లాలి, సామాన్ల గదిలో ముందు పోయేవి అవే. కుర్చీని నాలుగు వైపులా ఫోటో తీసి, మడిచే తీరు తెలుగులో, ఇంగ్లిషులో అట్ట మీద రాసి కట్టాలి.

మోటారు తగిలించినదైతే ఇంకో లెక్క ఉంది. విప్పి తీసే లిథియం బ్యాటరీ 300 వాట్-అవర్లు మించకూడదు. రెండు బ్యాటరీలతో నడిచేదైతే ఒక్కోటి 160 మించకూడదు. విప్పిన బ్యాటరీ క్యాబిన్‌లోనే ప్రయాణిస్తుంది, విమాన సంస్థ అనుమతి ముందే ఉండాలి. 36 వోల్టులు, 10 ఆంపియర్-అవర్ల బ్యాటరీ అంటే 360, అది వెనక్కి వస్తుంది. 24 వోల్టులు, 12 ఆంపియర్-అవర్లయితే 288, అది వెళ్తుంది. ఇక్కడి తల్లిదండ్రుల కోసం తగిలించుకునే మోటారు చక్రం గీయబోయే ఇంజనీరు మోటారు ఎంచుకునే ముందు ఈ గుణకారం చేయాలి, ఎందుకంటే ఆ చక్రం తిరగాల్సింది విలియమ్స్ లాండింగ్‌లోనే కాదు, తెనాలిలోనూ సిద్దిపేటలోనూ కూడా.